పౌండు అర కిలో కాదు: పది ఘాతాలతో కొలతలు మార్చుకునే పద్ధతి

జోడ్‌భావి పేట్, సోలాపూర్: ఈసారి సంఘం వార్తల బదులు ఒక లెక్క గురించి రాస్తున్నాం. సాయంత్రం పూట మా దగ్గర చదువుకోవడానికి వచ్చే తొమ్మిది, పది తరగతుల పిల్లలను చూస్తుంటే ఒక సంగతి తెలుస్తోంది. సూత్రం వచ్చు, గుణకారం వచ్చు. సెంటీమీటర్లను మీటర్లు చేయమంటే, లీటర్లను ఘనమీటర్లు చేయమంటే మాత్రం సున్నాల దగ్గర తడబడుతున్నారు. ఒక సున్నా ఎక్కువ, లేకుంటే ఒకటి తక్కువ. మార్కులు పోయేది అక్కడే.

ఇంట్లో అడుగుదామంటే తల్లిదండ్రులకు జంకు. పిల్లలది మరాఠీ మీడియమో, ఇంగ్లిష్ మీడియమో. "మేము సాంచెలు నడిపేవాళ్లం, మాకేం తెలుస్తుంది" అంటారు. మా అభిప్రాయం వేరు. నూలు నంబరు చూసి పడుగుకు ఎంత పడుతుందో, పేకకు ఎంత పడుతుందో నోటిలెక్కతో చెప్పే మనిషికి కొలతల మార్పిడి రాదంటే మేము ఒప్పుకోం. ఆ లెక్కను బడి పుస్తకం ఎట్లా రాయమంటుందో తెలిస్తే చాలు.

పుస్తకంలో దీన్ని ప్రామాణిక రూపం అంటారు, సైంటిఫిక్ నొటేషన్ అని కూడా అంటారు. ఎంత పెద్ద సంఖ్యనైనా, ఎంత చిన్న సంఖ్యనైనా రెండు ముక్కలు చేసి రాయడమే ఇది. మొదటి ముక్క 1కి తగ్గకుండా, 10కి లోపల ఉండే సంఖ్య. రెండోది పది మీద ఒక చిన్న అంకె. 33,600ను 3.36×10⁴ అని రాస్తాం. 0.0254ను 2.54×10⁻² అని రాస్తాం. పైన ఉండే చిన్న అంకెను తెలుగులో ఘాతాంకం అంటారు, మరాఠీ పుస్తకంలోనూ ‘ఘాతాంక్’ అనే ఉంటుంది. కింద ఉండే పదిని తెలుగులో భూమి అంటే మరాఠీలో ‘పాయా’ అంటారు. కాబట్టి పిల్లవాడు ఏ భాషలో చదివినా అమ్మానాన్నలు బెదిరిపోవాల్సిన పని లేదు.

నిజానికి మన వాడుకలో ఘాతాంకాలకు పేర్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. వెయ్యి అంటే 10³, లక్ష అంటే 10⁵, కోటి అంటే 10⁷, లక్ష కోట్లు అంటే 10¹². లక్షను కోటితో గుణిస్తే ఎంత అని అడిగితే సున్నాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోనక్కర లేదు, 5, 7 కూడితే 12. గుణకారంలో ఘాతాంకాలు కూడాలి, భాగహారంలో తీసివేయాలి. చిక్కంతా మిలియన్, బిలియన్ వచ్చినప్పుడే. మిలియన్ అంటే 10⁶, మన పది లక్షలు. బిలియన్ అంటే 10⁹, మన నూరు కోట్లు. దాన్నే మరాఠీ పేపర్లు ‘అబ్జ’ అంటాయి. ఈ మాట కింద ఉజని నీళ్ల దగ్గర మళ్లీ వస్తుంది.

ఋణ ఘాతాంకం చూసి పిల్లలు పొరబడుతుంటారు. 10⁻⁵ అంటే సున్నా కంటే తక్కువ అనుకుంటారు. కాదు, ఒకటిని లక్షతో భాగించామని అర్థం. పత్తి పోచ మందం సుమారు 1.5×10⁻⁵ మీటర్లు. అది కంటికి సన్నగా ఆనేదే, అప్పు కాదు.

ఇక అసలు పద్ధతి. కొలత మార్చడం అంటే ఒకటితో గుణించడం. ఒక గజం 0.9144 మీటర్లకు సమానం కదా, అప్పుడు 0.9144 మీటర్లను ఒక గజంతో భాగిస్తే వచ్చేది ఒకటే. ఒకటితో గుణిస్తే విలువ మారదు, పేరు మారుతుంది. ఏ పేరు పోవాలో దాన్ని కింద పెట్టాలి, ఏ పేరు రావాలో దాన్ని పైన పెట్టాలి. పిల్లలు కొలత పేరు వదిలేసి అంకెలు మాత్రమే రాస్తారు, తప్పు పుట్టేది అక్కడే. ప్రతి అంకె పక్కన దాని పేరు రాయించండి. గజం పైన ఒకసారి, కింద ఒకసారి వస్తే రెండూ కొట్టేయాలి. చివర మిగిలిన పేరు మనకు కావాల్సిందే అయితే దారి సరైనదే.

మన నూలుతోనే చేసి చూద్దాం. 40 నంబరు నూలు అంటే ఏమిటి? ఒక పౌండు బరువులో 840 గజాల చిలపలు 40 ఉంటాయని. ఇంగ్లండు మిల్లుల నుంచి వచ్చిన లెక్క ఇది. దేశంలో 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చింది, 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూకాలు దశలవారీగా వచ్చాయి. నూలు నంబరు మాత్రం పౌండ్లను, గజాలను వదిలిపెట్టలేదు. అందుకే నూలు మార్కెట్‌లో వింత అంకెలు కనబడతాయి. బేలు 181.44 కిలోలు అంటారు, ఎందుకంటే అది 400 పౌండ్లు. చేతిమగ్గాల చిలప నూలు బండిల్ 4.54 కిలోలు, అంటే 10 పౌండ్లు. కిలోల బట్టలు తొడుక్కున్నా లోపల ఉన్నవి పౌండ్లే.

40 నంబరు నూలు ఒక పౌండులో 40×840, అంటే 33,600 గజాలు. ప్రామాణిక రూపంలో 3.36×10⁴ గజాలు. ఒక గజం 9.144×10⁻¹ మీటర్లు. ముందరి సంఖ్యలు గుణిస్తే 30.72. ఘాతాంకాలు 4, −1 కూడితే 3. అంటే 30.72×10³ మీటర్లు. ముందరి ముక్క పది దాటింది కాబట్టి చుక్కను ఒక స్థానం ఎడమకు జరిపి, ఘాతాంకం ఒకటి పెంచాలి. 3.072×10⁴ మీటర్లు. కిలోమీటరు 10³ మీటర్లు కాబట్టి 30.7 కిలోమీటర్లు. పౌండు నూలు అంత దూరం పోతుంది. కిలో నూలైతే? కిలోకు 2.2046 పౌండ్లు, కాబట్టి 67.7 కిలోమీటర్లు. ఇక్కడి నుంచి పండరిపురం దాకా పరిచినా కొంచెమే తక్కువ పడుతుంది.

మిల్లు లేబుళ్ల మీద ఈ మధ్య ‘టెక్స్’ అనే మాట కనబడుతోంది. వెయ్యి మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగితే అన్ని టెక్స్. మన 40 నంబరును టెక్స్‌లోకి మార్చాలంటే పౌండు గ్రాములను పౌండు పొడవుతో భాగించాలి. 4.536×10² గ్రాములను 3.072×10⁴ మీటర్లతో భాగిస్తే 1.476×10⁻² గ్రాములు, అది ఒక్క మీటరు నూలు బరువు. వెయ్యి మీటర్లకు 10³తో గుణిస్తే 14.76. అంటే 14.76 టెక్స్. ప్రతిసారీ ఇంత చేయనక్కర లేదు. 590.5ను నంబరుతో భాగిస్తే టెక్స్ వస్తుంది, టెక్స్‌తో భాగిస్తే నంబరు వస్తుంది. కానీ ఒక్కసారైనా పిల్లలతో పూర్తిగా చేయించండి. 590.5 ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా బట్టీ పట్టిన పిల్లవాడు పరీక్షలో దాన్ని 950.5 అని రాసి వస్తాడు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. నంబరు పెరిగితే నూలు సన్నబడుతుంది, టెక్స్ పెరిగితే నూలు లావు అవుతుంది. 20 నంబరు నూలు 29.5 టెక్స్, 20 టెక్స్ నూలు 29.5 నంబరు. లేబుల్ మీద 20 అని మాత్రమే చూసి కొన్నవాడికి మూడింట ఒక వంతు సన్నమైన నూలు చేతికి వస్తుంది. మన కార్ఖానాల్లో వినబడే 2/20 అంటే రెండు 20 నంబరు పోగులు కలిపి పేనినది, లెక్కకు 10 నంబరు కింద పట్టుకోవాలి, 59 టెక్స్. సిల్కు, పాలిస్టర్ వాళ్లది ఇంకో లెక్క, డెనియర్. అది 9,000 మీటర్ల బరువు, కాబట్టి టెక్స్‌ను 9తో గుణిస్తే సరి.

ఇప్పుడు శీర్షికలోని పౌండు సంగతి. పరదేశపు టవల్ ఆర్డర్లు కొన్ని ‘డజనుకు ఇన్ని పౌండ్లు’ అని వస్తాయి. కొన్ని చదరపు మీటరుకు ఇన్ని గ్రాములు, మనం జీఎస్‌ఎం అనేది, ఆ లెక్కలో వస్తాయి. ఒక కార్ఖానాలో జరిగింది చెబుతాం, పేరు అక్కర లేదు. 30 ఇంచులకు 60 ఇంచుల టవల్, డజను 12 పౌండ్లు, 5,000 డజన్ల ఆర్డరు. పౌండు అంటే అర కిలోయే కదా అని డజను 6 కిలోలు పట్టుకొని సరుకు నేయించారు. సరుకు బాగుంది, కొన్నవాడు ఒక్క మాట అనలేదు. ఎందుకంటాడు?

లెక్క చూడండి. 12 పౌండ్లను 4.536×10⁻¹తో గుణిస్తే 5.443 కిలోలు. 6 కిలోలు ఇచ్చారు. డజనుకు 0.557 కిలోలు, అంటే 5.57×10⁻¹ కిలోలు ఎక్కువ. 5,000 డజన్లు అంటే 5×10³. ముందరి సంఖ్యలు గుణిస్తే 27.85, ఘాతాంకాలు కూడితే 2. 27.85×10², అంటే 2,785 కిలోలు. రెండు టన్నుల ముప్పావుకు పైగా నూలు ఊరికే పోయింది. ఈ వారం నూలు ధర ఎంతో మీకు తెలుసు, మీరే వేసుకోండి. ఇక్కడ సున్నాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పంతా 0.45ను 0.5 అనుకోవడంలో ఉంది. పది ఘాతం సున్నాలను కాపాడుతుంది కానీ ముందరి సంఖ్యను కాపాడదు. ఆ పూచీ మనదే. ఎక్కడ గుండ్రం చేయాలన్నా చివరలో చేయాలి, మొదట్లో కాదు.

అదే టవల్‌ను జీఎస్‌ఎంలోకి మారుద్దాం, ఎందుకంటే పిల్లలు ఎక్కువగా పడే గుంట ఇక్కడే ఉంది. ఇంచు 2.54 సెంటీమీటర్లు, అంటే 2.54×10⁻² మీటర్లు. మరి చదరపు ఇంచు? 2.54ను వర్గం చేస్తే 6.4516. పదిని కూడా వర్గం చేయాలి, 10⁻⁴ అవుతుంది. పిల్లలు 2.54ను వర్గం చేసి పదిని అట్లాగే వదిలేస్తారు, జవాబు నూరంతలు తేడా వస్తుంది. టవల్ 30×60, 1.8×10³ చదరపు ఇంచులు. దాన్ని 6.4516×10⁻⁴తో గుణిస్తే 1.161 చదరపు మీటర్లు. డజను 5.443 కిలోలు అయితే ఒక్కో టవల్ 453.6 గ్రాములు. 1.161తో భాగిస్తే దాదాపు 391 జీఎస్‌ఎం. కార్ఖానా నేసింది 500 గ్రాములది, అది 431 జీఎస్‌ఎం దగ్గర పడుతుంది. ఈ రెండో లెక్క ముందే వేసి ఉంటే ఆర్డరు కాగితంతో పోల్చి చూసుకునేవాళ్లు.

పౌండు, కిలో గొడవ మన దగ్గరే అనుకోకండి. 1983 జులైలో కెనడాలో ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 విమానం గాలిలో ఉండగానే ఇంధనం అయిపోయింది. ప్రయాణానికి 22,300 కిలోలు కావాలి. ట్యాంకుల్లో 7,682 లీటర్లు ఉంది. లీటరు ఇంధనం 0.803 కిలోలు. అయితే లెక్క వేసినవాళ్లు పాత అలవాటు ప్రకారం 1.77తో గుణించారు. అది లీటరుకు పౌండ్లు, కిలోలు కాదు. 20,088 లీటర్లు పోయాల్సిన చోట 4,900 లీటర్ల పైచిలుకు మాత్రమే పోశారు. గిమ్లీ అనే ఊళ్లో పాత వైమానిక స్థావరం ఉంటే, పైలట్లు ఇంజన్లు లేని విమానాన్ని గాలిలో తేల్చుకుంటూ తెచ్చి అక్కడ దింపారు. అందరూ బతికారు. 1.77 పక్కన ‘లీటరుకు పౌండ్లు’ అని ఎవరైనా రాసి ఉంటే అక్కడే దొరికిపోయేది. కొలత పేరు రాయమని మేము పిల్లల వెంట పడేది ఇందుకే.

ఇక నీళ్లు. మన నల్లాలకు నాలుగైదు రోజులకోసారి నీళ్లు వస్తాయి. పేపర్ తెరిస్తే ఉజని డ్యాంలో ఇన్ని టీఎంసీలు, నగరానికి ఇన్ని ఎంఎల్‌డీలు అని ఉంటుంది. రెండింటికీ పొత్తు ఏమిటో ఎవరూ చెప్పరు. టీఎంసీ అంటే వెయ్యి మిలియన్ ఘనపుటడుగులు. 10³, 10⁶ కలిపితే 10⁹. మరాఠీ పేపర్లు రాసే ‘అబ్జ ఘనఫూట్’ ఇదే. అడుగు 0.3048 మీటర్లు, దాని ఘనం 0.028317, అంటే ఘనపుటడుగు 2.83×10⁻² ఘనమీటర్లు. ఘనమీటరుకు 10³ లీటర్లు. ఘాతాంకాలు 9, −2, 3 కూడితే 10. ఒక టీఎంసీ 2.83×10¹⁰ లీటర్లు, 2,830 కోట్ల లీటర్లు. ఎంఎల్‌డీ అంటే రోజుకు మిలియన్ లీటర్లు, 10⁶.

నగర జనాభా 2011 లెక్క ప్రకారం సుమారు 9.5 లక్షలు, 9.5×10⁵. మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది సర్కారు ప్రమాణం, 1.35×10². గుణిస్తే 12.8×10⁷, అంటే 1.28×10⁸ లీటర్లు. అదే 128 ఎంఎల్‌డీ. ఏడాదికి 3.65×10² రోజులు. మొత్తం 4.68×10¹⁰ లీటర్లు. టీఎంసీతో భాగిస్తే ఘాతాంకాలు రెండూ 10, కొట్టేసుకుపోతాయి. 4.68ను 2.83తో భాగిస్తే 1.65.

నిండు ఉజని దాదాపు 117 టీఎంసీలు. మన నగరం ఏడాది పొడుగునా రోజూ తాగి, వండుకొని, బట్టలు ఉతుక్కోవడానికి పట్టేది రెండు టీఎంసీలు కూడా కాదు. జనాభా పెరిగింది నిజమే, పైపుల్లో కారేది ఉంది, కార్ఖానాలకు పట్టేది ఉంది. దాన్ని రెండింతలు చేసినా మూడుంపావు, మూడున్నర దగ్గరే ఆగుతుంది. కాబట్టి డ్యాంలో నీళ్లు లేకనే నల్లాకు రావడం లేదని ఎవరైనా అంటే ఈ లెక్క ముందర పెట్టండి. భీమా నదిలోకి వదిలిన నీరు టాక్లీ దాకా వచ్చేసరికి దారిలో ఇంకేది ఇంకుతుంది, ఆవిరయ్యేది ఆవిరవుతుంది. పైపులైను ఎంత మోయగలదో అంతే మోస్తుంది. కొరత ఎక్కువగా దారిది. వార్డు సభల్లో మాట్లాడేవాళ్లు ఈ అంకెలు చీటీ మీద రాసుకొని పోతే మంచిదని మా ఉద్దేశం.

ఎండాకాలంలో ‘ఉజని మైనస్ 30 శాతం’ అని చదివి మనవాళ్లు డ్రమ్ములు కొనడానికి పోతారు. ఆ శాతం వాడుకలో ఉండే 53.6 టీఎంసీల మీద కట్టింది. మైనస్ 30 అంటే అడుగున నిల్వ ఉండే 63.7 టీఎంసీల నుంచి 16 తీశారని అర్థం. ఇంకా 47 పైన ఉందన్నమాట, అందులో పూడిక ఎంతో అది వేరే సంగతి. దేని మీద శాతమో రాయని శాతం కూడా కొలత పేరు లేని అంకె లాంటిదే.

ఫోన్ క్యాలిక్యులేటర్ గురించి ఒక మాట. పెద్ద గుణకారం చేస్తే తెర మీద 1.28 తర్వాత ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం, దాని పక్కన 8 వస్తుంది. తప్పు వచ్చిందని పిల్లలు చెరిపేస్తున్నారు. అది తప్పు కాదు, 1.28×10⁸ అని ఫోను తన భాషలో చెబుతోంది. జవాబు పత్రంలో మాత్రం ‘ఈ’ రాయకూడదు, పది ఘాతంగానే రాయాలి. ఇంకో మాట, బటన్లు నొక్కకముందే జవాబు సుమారుగా ఎంత ఉండాలో ఘాతాంకాలు కూడి నోటితో చెప్పించండి. ఫోను వేరే చెబితే ఎక్కడో వేలు జారిందని తెలిసిపోతుంది.

పెద్దవాళ్లు జంకుతున్నారని మొదట అన్నాం కదా. 1957 ఏప్రిల్‌లో నయా పైసలు వచ్చినప్పుడు మన అమ్మమ్మలు, తాతలు చేసింది ఇదే పని. రూపాయికి పదహారు అణాలు, నూరు నయా పైసలు, కాబట్టి అణాకు 6.25. ఆరణాల సరుకుకు 37.5. ఆ అర పైసా కొట్టువాడికి పోయిందా, కొన్నవాళ్లకు మిగిలిందా అని బజారులో జగడాలే. బడి మొహం చూడనివాళ్లు కూడా నెలల్లో నేర్చుకున్నారు.

ఇంట్లో చేయించడానికి మూడు లెక్కలు ఇస్తున్నాం. 20 నంబరు నూలు 10 పౌండ్ల బండిల్‌లో ఎన్ని మీటర్ల నూలు ఉంటుంది? చదరపు గజానికి 16 ఔన్సులు తూగే టవల్ ఎన్ని జీఎస్‌ఎం? ఔన్సు 28.35 గ్రాములు. ఉజని నుంచి కొత్త సమాంతర పైపులైను 170 ఎంఎల్‌డీ పూర్తిగా మోస్తే ఏడాదికి ఎన్ని టీఎంసీలు? జవాబులు వరుసగా 1.536×10⁵ మీటర్లు, సుమారు 542, సుమారు 2.19. జవాబు కలిస్తే చాలదు, కొలతల పేర్లు ఎక్కడెక్కడ కొట్టేశారో కాగితం మీద కనబడాలి.

వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు సంఘం కార్యాలయంలో ఈ లెక్కలే కూర్చొని చేద్దాం. పిల్లలతో పాటు కార్ఖానాల లెక్కలు చూసేవాళ్లు కూడా రావచ్చు. నూలు లేబుళ్లు, పాత ఆర్డరు కాగితాలు ఉంటే తెచ్చుకోండి, వాటితోనే మొదలుపెడతాం.